మామ్మ అడిగిన తేదీ

ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోలో క్వై నది వంతెన మీద డ్రోన్ షాట్లు లేవు. అవి కావాలంటే బోలెడు వీడియోలున్నాయి. నేను థాయ్‌లాండ్ వెళ్లింది సరదాకే, అబద్ధమెందుకు! బ్యాంకాక్ నుంచి సుమారు 130 కిలోమీటర్లు పోయి, ఆ వంతెన ఉన్న కాంచనబురి ఊరూ అక్కడి యుద్ధకాలపు రైలు మ్యూజియమూ చూసింది మాత్రం మా మామ్మ కోసం.

మా సిక్కోలులో పాతవాళ్లకి సముద్రం అవతల ఉన్నదంతా రంగమే. రంగూన్ అయినా రంగమే, మలయా (ఇప్పటి మలేషియా వైపు) అయినా రంగమే. మామ్మ చిన్నాన్న కూడా అలాగే రంగం వెళ్లాడట. నిజానికి వెళ్లింది మలయాలో రబ్బరు తోటకి. 1941 తర్వాత ఉత్తరం లేదు, డబ్బు లేదు. ‘ఎల్లినోడు మరి రానేదు.’ మామ్మ దగ్గరున్న ఆయన కథ మొత్తం ఇంతే.

రెండో ప్రపంచ యుద్ధంలో, ఆ ఏడాది డిసెంబర్లో జపాన్ మలయా మీద పడింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. బర్మాలో ఉన్న తన సైన్యానికి సరుకు చేర్చడానికి జపాన్ థాయ్‌లాండ్ నుంచి అడవిలో 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించింది. క్వై వంతెన దాని మీదిదే. 1943 అక్టోబర్‌కల్లా పూర్తి! ఎలా పూర్తయిందో చూపించేదే ఆ మ్యూజియం.

పనికి పెట్టింది 60 వేలకు పైగా యుద్ధ ఖైదీలని. బ్రిటిష్, ఆస్ట్రేలియా, డచ్ సైనికులు వాళ్లలో ఎక్కువ. 12 వేల మందికి పైగా చనిపోయారు. తిండి లేదు, మందు లేదు, వానల్లో కలరా. అయితే వాళ్లకి ఓ పటాలం ఉంది, నంబరుంది, దొంగచాటుగా డైరీ రాసుకున్న అధికారులున్నారు. యుద్ధం అయ్యాక వెతికి, శవాలు తవ్వి తీసి, మూడు శ్మశానాల్లో పెట్టారు.

మ్యూజియం పై అంతస్తులో కాఫీ తాగే చోటుంది. కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఆ మూడింట్లో ఒక శ్మశానం. సుమారు ఏడువేల సమాధులు. గడ్డి దువ్వినట్టు ఉంది. కప్పు అలాగే వదిలేసి కిందికి దిగాను. ఒక్కో దానిమీద కంచు పలక, పేరు, పటాలం, చనిపోయిన తేదీ. కొన్నిటి మీద ఇంటివాళ్లు రాయించిన ఒకటి రెండు మాటలు. కలరాతో పోయిన 300 మందిని ఒక క్యాంపులో కాల్చేయాల్సి వచ్చింది. ఆ బూడిదని రెండు సమాధుల్లో పెట్టి, ఆ 300 పేర్లూ పక్కన మంటపంలో చెక్కించారు. బూడిదకి కూడా పేరు దక్కింది.

ఇక మనవాళ్లు. బర్మా, మలయా, జావాల నుంచి తెచ్చిన కూలీలు లక్షల్లో ఉన్నారు. మలయా తోటల నుంచి తీసుకెళ్లిన దక్షిణాది వాళ్లలో తమిళులే ఎక్కువ, తెలుగువాళ్లూ ఉన్నారు. మంచి కూలి, మూడు నెలల పని అని ఆశపెట్టారు. రాకపోతే లాక్కుపోయారు. సైనికులకైతే డాక్టర్లున్నారు, మందుల్లేకపోయినా గిన్నెడు నీళ్లు కాచి తాగండని చెప్పే మనిషైనా ఉన్నాడు. కూలీల పాకల్లో చాలాచోట్ల ఆ ఒక్కడూ లేడు. వాళ్లలో పోయినవాళ్ల లెక్క సైనికుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఎంతమందన్నా అది అంచనానే. మ్యూజియం వాళ్లు ఈ మాట దాచలేదు, గోడ మీదే పెట్టారు. నాకు కోపమొచ్చింది వాళ్ల మీద కాదు, ఆ పని చేయించినవాళ్ల మీద. రోజుకూలి డబ్బుల్లో కోత కోయడానికి మాత్రం పేర్లు రాసుకునే ఉంటారు కదా!

బయట వంతెన దగ్గర సెల్ఫీల గోల. నేనూ ఒకటి తీసుకున్నాను, తర్వాత తీసేశాను.

మామ్మ చిన్నాన్న ఆ పట్టాల మీదే పోయాడని నేను చెప్పలేను. తోటలోనే పోయాడేమో. పెళ్లాడి అక్కడే ఉండిపోయాడేమో, అలాంటి వాళ్లూ ఉన్నారు. చనిపోయిన తిథి తెలీదు కాబట్టి మా ఇంట్లో ఆయన పేరున మహాలయ అమావాస్యకి స్వయంపాకం ఇస్తారు. బియ్యం, పప్పు, ఒక గుమ్మడికాయ ముక్క, అరటికాయలు.

ఇంటికొచ్చి శ్మశానం ఫొటోలు ఫోన్లో చూపించాను. మామ్మ కళ్లజోడు సర్దుకుని, పలక మీద వేలు పెట్టి అడిగింది.

‘ఇదేటిరా?’

‘పేరు మామ్మా. ఇది చనిపోయిన తేదీ.’

‘మనోడి తేదీ తెలిసిందేటి?’

‘లేదు మామ్మా.’

‘సర్లే. మరైతే అమాసకే ఇచ్చేద్దుం.’