టెహ్రీ: బదరీనాథుడి పేరు మీద సాగిన రాజ్యం

మిత్రులందరికీ నమస్కారం.

బదరీనాథ్ గుడి తలుపులు ఏ రోజు తెరవాలో నేటికీ వసంత పంచమి నాడు నరేంద్రనగర్‌లో టెహ్రీ రాజవంశపు రాజభవనంలోనే నిర్ణయిస్తారు. మన ప్రాంతం నుంచి గంగోత్రి వెళ్లే యాత్రికులు చాలామంది రిషీకేశ్ దాటాక ఆ ఊరి మీదుగానే ప్రయాణిస్తారు. నేటి ఉత్తరాఖండ్ కొండల్లో ఉండే టెహ్రీ గఢ్వాల్ రాజ్యపు రాజును అక్కడివాళ్లు ‘బోలాందా బద్రీ’ అనేవారు, అంటే మాట్లాడే బదరీనాథుడు. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఆ నమ్మకం గురించే.

1804లో నేపాల్ గూర్ఖాల చేతిలో గఢ్వాల్ రాజు ప్రద్యుమ్న షా డెహ్రాడూన్ దగ్గర యుద్ధంలో చనిపోయాడు. 1815లో ఆంగ్లేయులు గూర్ఖాలను ఓడించి, గఢ్వాల్ తూర్పు సగాన్నీ డెహ్రాడూన్‌నూ తమ దగ్గరే ఉంచుకున్నారు. బదరీనాథ్ కూడా వాళ్ల వైపే పోయింది. ప్రద్యుమ్న షా కొడుకు సుదర్శన్ షాకు పడమటి కొండలు మిగిలాయి. భాగీరథి, భిలంగనా కలిసేచోట ఆయన టెహ్రీని రాజధాని చేసుకున్నాడు.

సాగునేల తక్కువైన ఆ రాజ్యానికి అసలు సంపద అడవే. ఫ్రెడరిక్ విల్సన్ అనే ఇంగ్లిష్ వ్యాపారి హర్సిల్‌లో మకాం పెట్టి, దేవదారు దుంగల్ని నదిలో వదిలి మైదానాలకు చేర్చేవాడు. ఖజానాకు డబ్బు రావడం మొదలయ్యాక ఊరివాళ్ల పశువుల మేతకు, వంటచెరకుకు ఆంక్షలు పెరిగాయి.

ఇక్కడొక ఆచారం ఉండేది, ఢండక్. అధికారులు పీడిస్తే జనం పనులు మానేసి, గుంపుగా వెళ్లి నేరుగా రాజుకే మొరపెట్టుకునేవారు. తప్పు ఉద్యోగులది, రాజు తెలిస్తే సరిదిద్దుతాడు అన్నది దాని వెనకున్న నమ్మకం. నా దృష్టిలో ఆ రాజ్యాన్ని సైన్యం కంటే ఎక్కువగా నిలబెట్టింది ఇదే.

1930లో అడవి హద్దుల్ని ఊళ్ల అంచుదాకా జరిపారని రవాయి ప్రాంత రైతులు తిరగబడ్డారు. రాజు నరేంద్ర షా అప్పుడు యూరప్‌లో ఉన్నాడు. దివాన్ చక్రధర్ జుయాల్ సైన్యాన్ని పంపాడు. మే 30న యమున ఒడ్డున తిలాడీ మైదానంలో సమావేశమైన జనం మీద కాల్పులు జరిగాయి. ప్రాణాలు కాపాడుకోవడానికి నదిలోకి దూకినవాళ్లూ ఉన్నారు.

అయినా నమ్మకం ఒక్కసారిగా పోలేదు. రాజ్యంలో ప్రజల హక్కుల కోసం పోరాడిన ప్రజామండల్ నాయకుడు శ్రీదేవ్ సుమన్ 1944లో టెహ్రీ జైల్లో నిరాహార దీక్ష చేసినప్పుడు, ఆయన కోరికల్లో ఒకటి తన అప్పీలును రాజు స్వయంగా వినాలని! ఎవరూ వినలేదు. 84 రోజుల దీక్ష తర్వాత జులై 25న ఆయన చనిపోతే, శవాన్ని కూడా ఇంటివాళ్లకు ఇవ్వకుండా భిలంగనాలో పడేశారు. ఈ ఒక్క పని క్షమించరానిదని నేను గట్టిగా అంటాను.

1948 జనవరి 11న కీర్తినగర్‌లో రాజరికానికి ఎదురుతిరిగిన ఉద్యమకారులు నాగేంద్ర సక్లానీ, మోలూరామ్ భర్దారీ తూటాలకు బలయ్యారు. ఈసారి జనం రాజుకు మొరపెట్టుకోలేదు. ఆ ఇద్దరి శవాల్ని మోసుకుంటూ టెహ్రీకి నడిచారు, ఆ ఊరిని చేతుల్లోకి తీసుకున్నారు. భారత ప్రభుత్వం టెహ్రీని సంయుక్త ప్రాంతాల్లో (తర్వాతి ఉత్తరప్రదేశ్‌లో) కలిపింది 1949 ఆగస్టు 1న. ఆ విలీనాన్ని ఢిల్లీ ఖాతాలో మాత్రమే రాసే చరిత్రలు కీర్తినగర్ నుంచి నడిచి వచ్చిన జనానికి అన్యాయం చేస్తున్నాయి.