తొడిమలు తీసే చేతులు

శ్రోతలందరికీ నమస్కారం.

దేశంలో నిరుద్యోగం 3.2 శాతం. ప్రభుత్వం ఇంటింటికీ తిరిగి చేసే సర్వేలో 2023-24 లెక్కలు వచ్చినప్పుడు ఈ మాట మీరూ వినే ఉంటారు. క్లాసులో ఆ అంకె చెప్పగానే పిల్లలు నన్ను నిలదీశారు. "మేడం, వందలో ముగ్గురేనా? మా వీధిలోనే అంతకంటే ఎక్కువమంది ఖాళీగా ఉన్నారు కదా!" వాళ్ళ అనుమానం న్యాయమైనదే. అలాగని లెక్క తప్పు కాదు. వందలో అన్నారే, ఆ వందలో ఎవరున్నారో తెలియాలి. ఇవాళ నా మాటంతా ఆ వంద గురించే.

గుంటూరులో మా సందు చివర ఒక పిన్ని ఉంది. ఇంట్లో ఐదుగురు. బాబాయి ఆటో తోలతాడు. అమ్మాయి డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం తిరుగుతోంది. అబ్బాయికి పదహారేళ్ళు, ఇంటర్. ముసలి అత్తగారు. మిరపకాయల సీజను వస్తే పిన్ని తెల్లారకముందే క్యారేజీ కట్టుకుని తొడిమలు తీయడానికి కోల్డ్ స్టోరేజీకి పోతుంది. చేతులకు కొబ్బరినూనె, ముక్కుకు అడ్డంగా చీర చెంగు. కుప్ప ముందు కూర్చుని గోటితో తొడిమ తుంచడం, తాలుకాయ పక్కకు వేయడం, మళ్ళీ తుంచడం. కిలోల లెక్కన కూలి. ఇంటికొచ్చాక ఆ చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోదు, మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చుంటుంది.

ఇప్పుడు ఆ ఇంటికి సర్వేవాళ్ళు వచ్చారనుకుందాం. గుమ్మంలో బాబాయి ఉన్నాడు. "మీ ఆవిడ ఏం చేస్తారండీ?" అని అడిగారు. "మా ఆవిడా? ఇంట్లోనే ఉంటుందండీ" అన్నాడు. అంతే, పిన్ని పేరు ఇంటి పనుల కింద పడింది.

ఇక లెక్క వేద్దాం. పనిచేసేవాళ్ళు, పని వెతుక్కునేవాళ్ళు, ఈ ఇద్దరినీ కలిపితే శ్రామికశక్తి. చదువుకునే అబ్బాయి అందులో లేడు. అత్తగారు లేదు. బాబాయి మాటతో పిన్నీ లేదు. మిగిలింది ఇద్దరు: బాబాయి, అమ్మాయి. ఇద్దరిలో ఒకరికి పని లేదు కాబట్టి నిరుద్యోగం 50 శాతం. అదే బాబాయి "తొడిమలకి పోతుందండీ" అని ఉంటే? శ్రామికశక్తి ముగ్గురయ్యేది, నిరుద్యోగం 33 శాతానికి దిగేది. ఇంకో మలుపు చూడండి. తిరిగి తిరిగి విసిగిపోయి అమ్మాయి పీజీలో చేరిందనుకోండి. ఇక తనూ విద్యార్థినే, లెక్కలోంచి బయటికి పోతుంది. అప్పుడు ఆ ఇంట్లో నిరుద్యోగం సున్నా. ఒక్కరికీ కొత్తగా ఉద్యోగం రాలేదు. మళ్ళీ చెబుతున్నాను, ఒక్కరికీ రాలేదు. అయినా నిరుద్యోగం సున్నా!

అందుకే నేను నిరుద్యోగం అంకె ఒక్కటే చూసి సంతోషించను, బాధపడను. పక్కనే ఇంకో అంకె ఉంటుంది, జనంలో ఎంతమంది శ్రామికశక్తిలో ఉన్నారని. పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో ఇది 2017-18లో 23.3 శాతం, 2023-24కి 41.7 శాతం. ఇందులో కొత్తగా దొరికిన పని ఎంత, ఎప్పటినుంచో చేస్తున్నా ఇప్పుడు లెక్కకెక్కిన పని ఎంత? నాకైతే ఈ ప్రశ్న 3.2 కంటే ముఖ్యం.

ఇంకొక్కటి. ఆ 3.2 ఏడాది లెక్క. అందులో ఏడాది మొత్తంలో ముప్పై రోజులు పనిచేసినా పనిలో ఉన్నట్టే. 2025 నుంచి నెలనెలా వస్తున్న అంకె వేరు. అందులో గడిచిన ఏడు రోజుల్లో ఒక్క గంట పనిచేసినా చాలు. ఆ పద్ధతిలో 2025 ఏప్రిల్‌లో నిరుద్యోగం 5.1 శాతం. 3.2నీ 5.1నీ పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో వాదించుకోకండి, రెండూ వేరువేరు కొలతలు.

మీ గుమ్మంలోకి సర్వేవాళ్ళు వస్తే మాత్రం "ఇంట్లోనే ఉంటుంది" అనకండి. గేదెలు మేపి కేంద్రానికి పాలు పోస్తుంటే ఆ మాట చెప్పండి. కొట్లో కూర్చుంటుంటే, జాకెట్లు కుట్టి ఇస్తుంటే, మూడు నెలలు తొడిమలకు పోతుంటే, అదే చెప్పండి.

మొన్న పిన్నికి ఇదంతా చెప్పాను. "అయితే నేనూ లెక్కలో ఉన్నట్టేనా అమ్మాయ్?" అంది, మజ్జిగ గిన్నెలోంచి చేతులు తీయకుండానే.

"ఈసారి ఎవరైనా వస్తే గుమ్మంలోకి నువ్వే రా పిన్నీ. నువ్వే చెప్పు" అన్నాను.

నమస్కారం.