వికటకవిని తిరగేసి చూడండి

వేదికపై ఉన్న పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారాలు. నన్ను పరిచయం చేసినవారి పొగడ్తలను సరిదిద్దుతూ కూర్చుంటే నాకిచ్చిన సమయమంతా అందుకే సరిపోతుంది గనుక నేరుగా విషయానికి వస్తాను.

ఈరోజు విడుదల చేస్తున్న లైబ్రరీలో, అంటే ఇతర ప్రోగ్రాములు వాడుకోగల కోడు సంపుటిలో, ఉన్నవి నాలుగే ఫంక్షన్లు, అంటే అది చేసేవి నాలుగే పనులు: తెలుగు పదంలోని అక్షరాలను లెక్కపెట్టడం, పదాన్ని తిరగవేయడం, కత్తిరించడం, రెండు పదాలను పోల్చడం. ఇంతమాత్రానికి లైబ్రరీ ఎందుకని అనుకునేవారు, మొదటి సంవత్సరంలో రాసిన పాలిండ్రోమ్ ప్రోగ్రామును తెరిచి దానికి 'వికటకవి' అనే పదాన్ని ఇచ్చి చూడండి. ఎటు చదివినా ఒకటేనని మనం చిన్నప్పుడే నేర్చుకున్న ఆ పదాన్ని యంత్రం కాదంటుంది. కంప్యూటర్లలో అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో హల్లుకు ఒక సంకేతం, గుడికి మరో సంకేతం ఉండటం వల్ల, తిరగవేయగానే చివరి గుడి ఏ హల్లూ లేకుండా ముందుకు వచ్చి నిలబడుతుంది, మొదటి గుడి వెళ్లి పక్కనున్న 'క'కు తగులుకుంటుంది.

తిరగవేయడం సరదా అనుకుందాం. కత్తిరించడం సరదా కాదు. మా అమ్మ పేరు వేంకటలక్ష్మి. మన లెక్కలో అయిదక్షరాలు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పొడవు చెప్పే లెన్‌ను అడిగితే 12 సంకేతాలు, యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరిస్తే 36 బైట్లు. ఒక కార్యాలయంలో పేరుకు పది స్థానాలే కేటాయించినందున ఆమె కార్డుపై 'వేంకటలక్ష్' అని అచ్చయింది. సిస్టమ్ అంతే తీసుకుంటుందన్నారు. ముప్పై ఏళ్లు పిల్లలకు గుణింతాలు దిద్దించిన మా అమ్మ ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "నా పేరును పొల్లు చేశారేమిరా!" అన్నది. ఆ మాటకు రెండర్థాలూ ఆమెకు తెలుసు.

పోల్చడం గురించి వివరంగా చెప్పాలనుకున్నాను గాని, ఒక్కమాటతో సరిపెడతాను. 'సాఫ్ట్‌వేర్' అనే మాటలో ట పొల్లుకూ 'వే'కూ మధ్య కనబడని సంకేతం ఒకటి ఉంటుంది; అది చెత్త అని తీసివేస్తే 'వ' వత్తుగా మారి కిందికి దిగుతుంది. అందుచేత మా ఫంక్షన్ పోల్చేటప్పుడు దానిని పక్కన పెడుతుందే తప్ప పాఠం నుండి తొలగించదు.

మళ్లీ అమ్మ పేరు దగ్గరికే వస్తున్నాను, మన్నించండి. పొల్లు తరువాత హల్లు వస్తే రెంటినీ విడదీయరాదన్న నియమం, మన బడిలో ఒకటో తరగతి పిల్లలకు తెలిసినది, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు యూనికోడ్ 15.1లో, అంటే 2023లో చేరింది. అంతవరకు ఆ ప్రమాణం ప్రకారం 'క్ష్మి' మూడు ముక్కలే. ప్రమాణం మారినంత మాత్రాన పాత కోడు దానంతటదే మారదు కదా!

కాబట్టి మీ ఇళ్లలోని పేర్లతో మా కోడును పరీక్షించండి. ముఖ్యంగా జాన్, ఇస్మాయిల్ వంటి పొల్లుతో ముగిసే పేర్లు కావాలి. ఛందస్సు ప్రకారం 'జాన్' ఒకే గురువు, యూనికోడ్ ప్రకారం రెండు ముక్కలు. మా బృందంలో ఆ తగవు ఇంకా తెగలేదు.