కాలు కాలిన పిల్లిలా: నిద్రపోనివ్వని కాళ్ళతో ఇరవై ఏళ్ళు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈరోజు మన అతిథి రాజమహేంద్రవరంలో ఉంటున్న విశ్రాంత గణితోపాధ్యాయులు. జిల్లా పరిషత్ పాఠశాలల్లో ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పారు. అందులో చివరి పదిహేనేళ్ళూ సరైన నిద్ర లేకుండానే చెప్పానంటారు. మేము ఈ సంభాషణలను సాధారణంగా సాయంత్రాలు రికార్డు చేస్తాం. మాస్టారు మాత్రం పొద్దున్నే పెట్టుకుందామని పట్టుబట్టారు. మాస్టారూ, ఆ పట్టుదల దగ్గరే మొదలుపెడదామా?

మాస్టారు: అలాగేనమ్మా. ఒకప్పుడు సాయంత్రం ఏడు దాటాక నన్ను కుర్చీలో గంటసేపు కూర్చోబెడితే నా ధ్యాస మీ ప్రశ్న మీద ఉండేది కాదు, నా పిక్కల మీద ఉండేది. ఇప్పుడు చాలావరకు నయమే అయినా ఆ భయం మాత్రం పోలేదు. పొద్దున్న పూట నేను అందరిలాంటి మనిషినే.

వ్యాఖ్యాత: ఈ జబ్బును వైద్యులు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. తెలుగులో దీనికంటూ జనం నోట నలిగిన పేరేదీ లేదు. పేరు లేని బాధను డాక్టర్లకు ఎలా చెప్పుకునేవారు?

మాస్టారు: అక్కడే నాకు పదేళ్ళు పోయాయి. "కాళ్ళు పీకుతున్నాయండీ" అనేవాణ్ణి. పొలంలో రోజంతా ఒంగి నాట్లు వేసినవారికీ కాళ్ళు పీకుతాయి, జ్వరం తగిలినవారికీ పీకుతాయి. కాబట్టి విన్నవారు దాన్ని అలసట కిందే జమ కట్టేవారు. నాది నొప్పి కాదు. పిక్క లోపల, ఎముకకూ కండకూ మధ్య ఎక్కడో, సోడా బుడగలు పైకి తన్నుకొస్తున్నట్టూ సన్నటి పురుగేదో పాకుతున్నట్టూ ఉంటుంది. గోకుదామంటే చర్మం మీద లేదు, నొక్కుదామంటే చేతికి అందదు, కాలు కదిపితే తప్ప ప్రాణం ఊరుకోదు. లేచి నాలుగడుగులు వేస్తే మాయమవుతుంది; పడుకున్న రెండు నిమిషాలకు మళ్ళీ మొదలవుతుంది. పడకగదికీ వరండాకీ మధ్య కాలు కాలిన పిల్లిలా తెల్లవారుజామున మూడింటి దాకా తిరిగేవాణ్ణి. ఆ మాట మొదట అన్నవారెవరో గానీ, వారికి ఈ జబ్బు ఉండే ఉంటుందని నా అనుమానం.

వ్యాఖ్యాత: ప్రయాణాలు ఎలా చేసేవారు?

మాస్టారు: గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు వచ్చిందంటే ఆ రాత్రి గడిచేది కాదు. తోటివారు గుర్రు పెడుతుంటే నేను తలుపు దగ్గర నిలబడి ఏలూరు, విజయవాడ, వరంగల్లు స్టేషన్లు ఒక్కొక్కటే చూసుకుంటూ సికింద్రాబాదు చేరినవాణ్ణి. పెళ్ళిళ్ళలో రాత్రి ముహూర్తమైతే వెనక వరసలో నిలబడేవాణ్ణి. మాస్టారు మర్యాద కోసం నిలబడ్డారని జనం అనుకునేవారు.

వ్యాఖ్యాత: నాకు ఎనిమిదో నెలలో ఇలాగే ఉండేది. మంచం మీద కూర్చుని కాళ్ళు ఊపుతుంటే మా అత్తయ్యగారు "అలా ఊపకూడదమ్మా, ఇంటికి మంచిది కాదు" అనేవారు. కాన్పు తర్వాత దానంతటదే పోయింది.

మాస్టారు: గర్భిణులలో, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, ఇది చాలా తరచుగా వస్తుంది, కాన్పయ్యాక ఎక్కువమందికి తగ్గిపోతుంది. కూర్చుని కాళ్ళూపితే దరిద్రమనే మాట మన ఇళ్ళలో ఎంతమంది చేత ఈ బాధను దాచిపెట్టించిందో చెప్పలేం.

వ్యాఖ్యాత: ఆ పదేళ్ళలో ఏ వైద్యాలు చేయించుకున్నారు?

మాస్టారు: నరాల బలహీనత అని బి12 ఇంజెక్షన్లు పొడిపించుకున్నాను, కాల్షియం బిళ్ళలు మింగాను. ఒకరు కాలి సిరలు ఉబ్బాయన్నారు, మరొకరు షుగరు ఉందేమోనని చూసి లేదన్నారు. చివరికి ఒక డాక్టరుగారు నిద్ర కోసమని అమిట్రిప్టిలిన్ అనే మానసిక వ్యాకులత మందు రాశారు. ఆయన ఉద్దేశం మంచిదే, కానీ ఆ మాత్రతో నా రాత్రులు రెండింతలు పాడయ్యాయి. చాలా రకాల మానసిక వ్యాకులత మందులు, జలుబుకూ దురదకూ వాడే మగత మాత్రలు, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ ఈ జబ్బును రెచ్చగొడతాయని నాకు తర్వాత తెలిసింది. నిద్ర పట్టడం లేదని మందుల దుకాణంలో అడిగి ఒక జలుబు బిళ్ళ వేసుకునేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

వ్యాఖ్యాత: మరి జబ్బును పట్టుకున్నది ఎవరు?

మాస్టారు: 2013లో ఒక కుర్ర న్యూరాలజిస్టు పట్టుకున్నాడు. అతడు స్కానింగులేవీ రాయలేదు, నాలుగే ప్రశ్నలు అడిగాడు. కాళ్ళు కదపాలని ఆపుకోలేని తహతహ ఉందా? కూర్చున్నా పడుకున్నా ఎక్కువవుతుందా? నడిస్తే, నడిచినంతసేపైనా తగ్గుతుందా? పగటికన్నా సాయంత్రం, రాత్రి ఎక్కువా? నాలుగింటికీ అవునన్నాను. పిక్క పట్టేయడమైతే కండ గడ్డకట్టి రాయిలా చేతికి తగులుతుందని, షుగరు వల్ల వచ్చే అరికాళ్ళ మంటలు నడిచినంత మాత్రాన పోవని విడదీసి చెప్పాడు. 1672లోనే థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడు దీన్ని వర్ణించాడట. 1945లో స్వీడన్‌కు చెందిన ఎక్‌బోమ్ దీని మీద పుస్తకమే రాసి ఇప్పుడు వాడుతున్న పేరు పెట్టాడట. అందుకే దీనికి విల్లిస్–ఎక్‌బోమ్ వ్యాధి అనే పేరు కూడా ఉంది. ఆ రోజు ఇంటికి వచ్చి మా ఆవిడతో, నాకు వచ్చింది పిచ్చి కాదు, మూడువందల ఏళ్ళ పాత జబ్బు అని చెప్పాను.

వ్యాఖ్యాత: అప్పుడు ప్రామిపెక్సోల్ మొదలుపెట్టారు కదా?

మాస్టారు: అవును, పార్కిన్సన్స్ వ్యాధికి వాడే మందు. ఈ జబ్బుకు ఇచ్చే మోతాదు చాలా చిన్నది, నాకు 0.125 మిల్లీగ్రాముల మాత్రతో మొదలుపెట్టారు. మొదటి రాత్రి పదింటికి పడుకుని పాలవాడు గంట కొట్టేదాకా లేవలేదు. మా ఆవిడ కంగారుపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట. సరిగ్గా ఆ రాత్రి ఇచ్చిన సుఖమే నన్ను తర్వాత మోసం చేసింది.

వ్యాఖ్యాత: అదెలాగో కొంచెం వివరంగా చెప్పండి. ఈ సంభాషణకు మిమ్మల్ని పిలిచిందే దాని కోసం.

మాస్టారు: రెండేళ్ళు గడిచాక రాత్రి పదింటికి రావలసిన బాధ ఎనిమిదింటికే రావడం మొదలుపెట్టింది. ఒక మాత్ర రెండయింది, రెండు నాలుగయ్యాయి. మోతాదు పెంచిన ప్రతిసారీ కొన్ని నెలలు హాయిగా ఉండేది, ఆ తర్వాత గడియారం ఇంకాస్త వెనక్కి జరిగేది. 2018లో నేను పదవీ విరమణ చేసేనాటికి మధ్యాహ్నం మూడింటికే బాధ మొదలయ్యేది, మోచేతుల దాకా పాకేది. జబ్బు ముదిరిందని నేను అనుకున్నాను. నిజానికి మందే దాన్ని ముదరబెట్టింది. వైద్యులు దీన్ని ఆగ్మెంటేషన్ అంటారు. 1982లో టర్కీకి చెందిన అక్‌పినార్ అనే వైద్యుడు లెవోడోపా అనే పార్కిన్సన్స్ మందు ఈ బాధను తగ్గిస్తుందని ప్రకటించాడు. లెవోడోపాతో వచ్చే ఈ వెనుదెబ్బను అమెరికాలో అలెన్, ఎర్లీ అనే పరిశోధకులు 1996లో బయటపెట్టారు. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వచ్చాక ఇబ్బంది తీరిందనుకున్నారు. ఏళ్ళ తరబడి వాడేసరికి వాటితోనూ అదే కథ అయింది. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ కోవ మందులను మామూలుగా వాడవద్దని సూచించింది. ఒకప్పుడు మొదటి మందుగా రాసినది ఇవే.

వ్యాఖ్యాత: ఇంకొక సంగతి కూడా ఉంది, చెప్పడానికి మీకు అభ్యంతరం లేకపోతే.

మాస్టారు: చెప్పడానికే వచ్చాను. జీవితంలో చీట్లపేక ముట్టనివాణ్ణి, ఆ రోజుల్లో అర్ధరాత్రి ఫోనులో డబ్బు పెట్టి రమ్మీ ఆడటం మొదలుపెట్టాను. రెండు నెలల పింఛను పోయింది. సంభావ్యత పాఠం చెప్పినవాణ్ణి, ఓడిపోతానని లెక్క కట్టి మరీ ఆడేవాణ్ణి. బ్యాంకు పుస్తకం చూసి మా ఆవిడ అడిగితే అబద్ధం చెప్పాను. కొంతమందిలో ఈ మందు జూదం, అవసరం లేని కొనుగోళ్ళు, అతిగా తినడం లాంటి వ్యసనాలను రేపుతుందని తర్వాత చూసిన డాక్టరమ్మగారు చెప్పినప్పుడు ఆ గదిలోనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. సిగ్గుతో రోగి చెప్పడు, కాబట్టి డాక్టరే అడగాలి. ఇంట్లోవారు కూడా గమనిస్తూ ఉండాలి.

వ్యాఖ్యాత: ఆ డాక్టరమ్మగారు మీకు ముందుగా చేసిన పరీక్ష ఏమిటి?

మాస్టారు: ఫెర్రిటిన్. అంటే ఒంట్లో నిల్వ ఉన్న ఇనుము లెక్క. అంతకుముందు అందరూ హిమోగ్లోబిన్ చూశారు, నాది 13.6, రక్తం బాగానే ఉందన్నారు. హిమోగ్లోబిన్ అంటే జేబులో ఉన్న డబ్బు, ఫెర్రిటిన్ అంటే బ్యాంకులో దాచిన డబ్బు. నా ఫెర్రిటిన్ 24 వచ్చింది. ల్యాబు కాగితంలో కనీస హద్దు 20 కాబట్టి ఆ అంకె పక్కన తక్కువ అనే గుర్తేమీ లేదు, నేనూ మామూలే అనుకున్నాను. ఈ జబ్బు ఉన్న పెద్దలకు మాత్రం హద్దు వేరు. 75 లేదా అంతకు తక్కువ ఉన్నా, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, అంటే రక్తంలో ఇనుమును మోసే ప్రొటీను ఎంతవరకు నిండిందో చెప్పే లెక్క, 20 శాతం లోపు ఉన్నా ఇనుము ఇవ్వాలని ఇందాక చెప్పిన 2025 మార్గదర్శకాలే చెబుతున్నాయి. 75కూ 100కూ మధ్య ఉంటే సిర ద్వారా ఇచ్చే ఇనుమును పరిశీలించవచ్చు. పరీక్ష పొద్దున్నే పరగడుపున, ఇనుము మాత్రలు ఆపి చేయించుకోవాలి. జ్వరమో వాపో ఉన్నప్పుడు ఫెర్రిటిన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

వ్యాఖ్యాత: కాళ్ళ తహతహకూ ఇనుముకూ ఏమిటి సంబంధం?

మాస్టారు: రక్తంలో ఇనుము సరిపడా ఉన్నా ఈ రోగుల మెదడులో కొన్ని భాగాలకు అది చాలినంత చేరడం లేదని పరిశోధనల్లో తేలింది. కదలికలను నడిపే మెదడు రసాయనం డోపమైన్. దాన్ని తయారుచేసే ఎంజైము పని చేయాలంటే ఇనుము కావాలి. అది తక్కువైతే ఆ వ్యవస్థ మొత్తం గాడి తప్పుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారిలోనూ ఇది ఎక్కువ. ఉద్దానం ప్రాంతంలో డయాలసిస్ మీద నాలుగేసి గంటలు కదలకుండా పడుకోవాల్సినవారి సంగతి తలచుకుంటే నా కష్టం నాకు చిన్నదిగా కనిపిస్తుంది. ఇక మన ఆడవాళ్ళ విషయానికి వస్తే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. వీరిలో ఎంతమంది రాత్రిళ్ళు కాళ్ళు కొట్టుకుంటూ, ఒళ్ళు అలిసిందిలే అని సరిపెట్టుకుంటున్నారో మరి.

వ్యాఖ్యాత: మీకు ఇనుము ఎందుకు తగ్గింది?

మాస్టారు: డాక్టరమ్మగారు అడిగిన రెండో ప్రశ్న అదే. అరవై దాటిన మగవాడికి ఇనుము తగ్గిందంటే ఎక్కడో రక్తం కారుతోందేమో చూడాలి, మాత్ర రాసి పంపించేయకూడదని ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెండూ చేయించారు. మోకాళ్ళ నొప్పికి నేను ఏళ్ళ తరబడి మింగిన బిళ్ళలు కడుపులో పుళ్ళు చేశాయి. దానికి తోడు భోజనం కాగానే గ్లాసుడు చిక్కటి టీ తాగే అలవాటు ఒకటి. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

వ్యాఖ్యాత: మాత్రలతో సరిపోయిందా?

మాస్టారు: సరిపోలేదు. కడుపు పుండు మానాక రోజు విడిచి రోజు పరగడుపున నిమ్మరసంతో వేసుకున్నాను. మలబద్ధకం తప్ప పెద్దగా ఒరిగిందేమీ లేదు. అప్పుడు ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఇనుమును ఆసుపత్రిలో సెలైన్‌లో కలిపి 1000 మిల్లీగ్రాములు ఎక్కించారు. పావుగంట పని, ఆ తర్వాత అరగంట కనిపెట్టి చూశారు. మర్నాడే ఏదో జరుగుతుందని ఎదురుచూశాను గానీ ఏమీ జరగలేదు. అయిదో వారంలో ఒక రాత్రి మధ్యలో మెలకువ వచ్చి గడియారం చూస్తే నాలుగు అయింది, అంతసేపు నిద్రపోయానన్నమాట. అందరికీ ఇలా పని చేయదని కూడా చెప్పాలి.

వ్యాఖ్యాత: పాత మందును ఎలా మానారు?

మాస్టారు: నెలల తరబడి, కొంచెం కొంచెంగా, డాక్టరు చేతిలో ఉండి మానాను. దాన్ని ఒక్కసారిగా ఆపేస్తే బాధ విరుచుకుపడుతుంది. ముందు నరాల నొప్పికి వాడే ప్రెగాబలిన్ మొదలుపెట్టి, అది నిలదొక్కుకున్నాక ప్రామిపెక్సోల్ తగ్గిస్తూ వచ్చారు. చివరి మాత్ర ఆపిన తర్వాతి వారం నేను దాదాపు నిద్రపోలేదు. మా అబ్బాయి సెలవు పెట్టి వచ్చి నాతోపాటు వీధిలో నడిచాడు. రమ్మీ మీద యావ మాత్రం ఎటు పోయిందో తెలియకుండానే పోయింది. ప్రెగాబలిన్, గాబాపెంటిన్‌లతో ఈ ఆగ్మెంటేషన్ బెడద లేదు గానీ తల తిరుగుతుంది, ఒళ్ళు వస్తుంది. నా వయసువారు రాత్రి లేచేటప్పుడు గోడ పట్టుకుని లేవాలి. కిడ్నీలు బాగా లేనివారికి మోతాదు తగ్గిస్తారు. ఇవేవీ పని చేయని మొండి కేసుల్లో నల్లమందు జాతి మందులను చిన్న మోతాదులో, గట్టి పర్యవేక్షణలో వాడతారు. నా అవసరం అంతదాకా రాలేదు.

వ్యాఖ్యాత: ఇప్పుడు ఎలా ఉంది?

మాస్టారు: వారానికి ఒక రాత్రి పలకరిస్తుంది. ఆ రాత్రి గోరువెచ్చటి నీళ్ళు పిక్కల మీద పోసుకుంటాను, లేదా నిలబడి పదకేళి నింపుతాను. బుర్రకు పని పెడితే కాళ్ళు కాస్త ఊరుకుంటాయి. సాయంత్రం కాఫీ మానేశాను. ఫెర్రిటిన్ పరీక్ష అప్పుడప్పుడు చేయించుకుంటున్నాను, మొన్నటిది 140.

వ్యాఖ్యాత: ఇది కుటుంబాల్లో నడుస్తుందంటారు కదా?

మాస్టారు: నడుస్తుంది. భీమవరంలో మా చెల్లెలికి ఫోను చేసి ఈ నాలుగు ప్రశ్నలూ అడిగాను. మూడోది పూర్తికాకుండానే, "అన్నయ్యా, అమ్మ రాత్రిళ్ళు పాతచీర చింపి పిక్కలకు బిగించి కట్టుకునేది, గుర్తుందా?" అంది. ఉదయం ఆ గుడ్డ విప్పితే అమ్మ కాళ్ళ మీద ఎర్రటి వాతలు ఉండేవి. దోమలు కుట్టకుండా కట్టుకుంటున్నానని మాతో చెప్పేది. మా చెల్లెలి ఫెర్రిటిన్ 11 వచ్చింది. ఇనుము మాత్రలు మొదలుపెట్టి మూడు నెలలు కావస్తోంది. రెండో పరీక్షకు వచ్చే సోమవారం వెళ్తుంది.