మన వాడకట్టులో ఎవరున్నారు?

అందరికీ నమస్తే. వ్యాపారం మీద సభ అనగానే టాటా, అంబానీ పేర్లు వినిపిస్తాయి. వాళ్లను చూసి మన నల్లగొండలో దుకాణం తెరిచినవాళ్లు నాకైతే కనబడలేదు. పక్కింటాయన తెరిస్తే మాత్రం తెరుస్తారు.

పాలమూరునే చూడండి. కూలీగా ముంబైకో పుణెకో పోయినాయన గుంపు మేస్త్రీ అయి తిరిగొస్తే, ఆ వాడలో పిల్లలకు అదే దారి కనబడింది. మనుషుల్ని కూడగట్టడం, అడ్వాన్సులు ఇవ్వడం, పని ఒప్పుకోవడం, లెక్క తేల్చడం... ఇదంతా వ్యాపారమే కదా! ఆ అడ్వాన్సుల కింద నలిగిన కూలీల గోస ఇంకో రోజు మాట్లాడాల్సిందే. నేననేది, తెగువకు అక్కడ కొదువ లేదని.

ఇక ఆలేరు దగ్గరి శారాజీపేట. అప్పట్లో అది మన జిల్లానే. చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆసు పోసేది. ఆసు అంటే, పోచంపల్లి చీర దారానికి రంగులద్దే ముందు దాన్ని అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల చుట్టూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. భుజం పీకేది. ఆరో తరగతితో చదువాగిన కొడుకు 1992లో ఆసు పోసే యంత్రం తయారుచేసే పని మొదలుపెడితే, అది అక్కరకొచ్చేసరికి 1999. పద్మశ్రీ వచ్చింది 2017లో.

మనం పిల్లలకు ఆ పద్మశ్రీ ఫొటో చూపిస్తాం. నా మట్టుకు ఆ ఏడేళ్లే అసలు పాఠం: పైసలు ఎక్కడ ఆగాయి, ఊరు నవ్వితే ఎట్ల తట్టుకున్నాడు, పని మధ్యలో ఆగిపోతే మళ్లీ ఎట్ల ఎత్తుకున్నాడు.

ఊరి నవ్వు చిన్న సంగతి కాదు. తూర్పు, పశ్చిమ జర్మనీలను పోల్చిన పరిశోధకులు 2016లో చెప్పిందదే. తెలిసినవాళ్లలో వ్యాపారం పెట్టినవాళ్లుంటే నష్టభయం తగ్గుతుందట. కానీ వ్యాపారాన్ని మెచ్చే పశ్చిమంలో తగ్గినంతగా, ఒకప్పుడు సోషలిస్టు పాలనలో ఉన్న తూర్పులో తగ్గలేదు. మన దగ్గర ‘నౌకరీ దొరక్క దుకాణం పెట్టిండు’ అంటారు చూడండి, అక్కడే సగం ధైర్యం పోతుంది. పిల్లనిచ్చే మామ కూడా ఆ మాటే అంటే మిగతా సగమూ పోతుంది.

ప్రిన్సిపాల్ గారూ, ఒక మనవి. వచ్చేసారి నన్ను పిలవకండి. క్లాక్ టవర్ దగ్గర కర్రీ పాయింట్ నడిపే అక్కనో, మిర్యాలగూడలో రైస్ మిల్లు లీజుకు తీసుకున్న తమ్ముణ్ణో పిలవండి. శాలువాలు వద్దు, ఖాతా పుస్తకం తెమ్మనండి. ఉద్దెర కింద ఎంత మునిగింది, చిట్టీ ఎందుకు ఎత్తారు, గిరాకీ లేని నెల అద్దె ఎట్ల కట్టారు, పిల్లల్నే అడగనివ్వండి.