జేబులో కార్డు లేని రాత్రి

అందరికీ నమస్కారం. ఉదయం ఆరు కావస్తున్నది. విశాఖపట్నం ఆర్.కె. బీచ్‌లో, కురుసుర జలాంతర్గామి ఎదుట నిలబడి మాట్లాడుతున్నాను. పదకొండేళ్లుగా ఇంగ్లాండులోని లీడ్స్‌లో ఉంటున్న నేను, సెలవులకు ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఇక్కడి టిఫిన్ల గురించో, కైలాసగిరి గురించో వీడియో చేసేవాణ్ణి. మొన్న రాత్రి జరిగినది చూశాక ఈసారి అలా చేయబుద్ధి కాలేదు.

రాత్రి పదిన్నర దాటాక మా బావ స్కూటరు మీద పెదవాల్తేరులోని అక్కావాళ్ల ఇంటికి వస్తుండగా, ఒక మలుపు దగ్గర గస్తీ పోలీసులు మమ్మల్ని ఆపారు. బావ ఫోనులో డిజీలాకర్ తెరిచి లైసెన్సు చూపించారు. అది చెల్లుతుంది కాబట్టి ఆయన పని అయిపోయింది. వెనుక కూర్చున్న నన్ను ఆధార్ అడిగారు. నేను ఆధార్ తీసుకోనే లేదు. పాస్‌పోర్టు ఇంట్లో బీరువాలో ఉంది. బ్రిటన్ నివాస అనుమతికి ఇదివరకు ఒక కార్డు ఇచ్చేవారు గానీ, 2024 చివరితో వాటి కాలం తీరిపోయి అంతా ఆన్‌లైన్ ఈ-వీసాగా మారింది కనుక, జేబులోంచి తీసి చూపడానికి అదీ లేదు. పేరు చెప్పాను, అక్క ఇంటి చిరునామా చెప్పాను. "పేరు ఎవరైనా చెబుతారండీ, కాగితం ఏదీ?" అన్నారు. అక్క పాస్‌పోర్టు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేదాకా అరగంట సేపు పక్కన నిలబెట్టి, అది చూశాక మర్యాదగానే పంపించారు.

ఆ అరగంటా నా పక్కన మరొక కుర్రాడు నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్లు దాటి ఉండవు. పాలకొండ దగ్గరి పల్లె నుంచి మధురవాడలో అపార్టుమెంటు పనికి వచ్చానని, ఫోనులో చార్జింగ్ అయిపోయిందని చెప్పుకుంటున్నాడు. "నానేటి సేసినాను బాబూ" అన్న మాట నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది. అతనికి ఫొటో పంపడానికి ఎవరూ లేరు. మేము బయలుదేరే సమయానికి అతణ్ణి జీపు ఎక్కిస్తున్నారు. నిన్న బావ వాకబు చేసి అతని మేస్త్రిని పట్టుకుంటే, రాత్రి రెండు గంటలకు వదిలేశారని, ఎందుకు తీసుకువెళ్లారో చెప్పలేదని తెలిసింది.

నిన్నంతా నేను చట్టం చదువుతూ కూర్చున్నాను. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 39వ సెక్షన్ ఈ విషయానికి సంబంధించినదే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 42వ సెక్షన్. వారంటు లేకుండా అరెస్టు చేయడానికి వీలులేని నేరాలను నాన్ కాగ్నిజబుల్ నేరాలంటారు. అటువంటి నేరం పోలీసు కళ్లెదుట చేసిన మనిషి, లేదా చేశాడని ఆరోపణ వచ్చిన మనిషి, తన పేరు, నివాసం చెప్పడానికి నిరాకరించినా, చెప్పినవి అబద్ధమని నమ్మడానికి అధికారికి కారణం ఉన్నా, ఆ రెండు వివరాలు తేల్చుకోవడం కోసం అరెస్టు చేయవచ్చు. అవి తేలగానే బాండు రాయించుకుని వదిలిపెట్టాలి. 24 గంటలలోగా తేలకపోతే దగ్గరలోని మేజిస్ట్రేటు ముందుకు పంపాలి. నాలాంటివాళ్లు గమనించవలసిన మాట ఒకటి ఇందులోనే ఉంది: పట్టుబడినవాడు భారతదేశంలో నివసించేవాడు కాకపోతే, ఇక్కడ నివసించే మనిషి ఎవరైనా జామీను ఉండాలి.

ఈ సెక్షన్‌ను ఎన్నిసార్లు చదివినా అందులో కార్డు అన్న మాట కనబడలేదు. అది అడిగేది పేరు, ఊరు. అవి కూడా ఏదో ఒక నేరం మాట వచ్చిన తరువాతనే. పని ముగించుకుని రోడ్డు మీద నడవడం ఏ నేరమూ కాదు. పెద్ద నేరం చేశాడన్న అనుమానం మీద పట్టుకునే అధికారం పోలీసులకు వేరే ఉన్నది నిజమే, కానీ దానికి సహేతుకమైన కారణం కావాలి, ఆ కారణం పట్టుబడినవాడికి చెప్పాలి. రాజ్యాంగం 22వ అధికరణం కూడా ఇదే చెబుతున్నది. మరో సంగతి నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. అదే సంహిత 36వ సెక్షన్ ప్రకారం, అరెస్టు చేసే అధికారి తన పేరు స్పష్టంగా కనిపించేలా పెట్టుకోవాలి, అరెస్టు పత్రం రాసి సాక్షి చేత సంతకం చేయించాలి, పట్టుబడినవాడి తరఫు మనిషికి కబురు చేసే హక్కు ఉందని అతనికి తెలియజేయాలి. 1996లో, పోలీసు కస్టడీ మరణాల మీద నడిచిన డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు విధించిన నియమాల బాటలోనే ఇవి ఉన్నాయి.

పోలీసులు ప్రశ్నించడాన్ని నేను తప్పుపట్టడం లేదు. తూర్పు నౌకాదళ కేంద్రం, ఓడరేవు ఉన్న ఊరు ఇది. 2008లో ముంబయికి ముష్కరులు సముద్రం మీదనే వచ్చారు. అడగడం వేరు, కాగితం లేదన్న ఒక్క కారణంతో జీపు ఎక్కించడం వేరు.

ఇంగ్లాండులో కారు నడిపేటప్పుడు పోలీసు ఆపితే, లైసెన్సు చేతిలో లేకపోయినా ఏడు రోజులలోగా పోలీసు స్టేషనులో చూపిస్తే సరిపోతుంది. యుద్ధం కోసమని 1939లో అక్కడ పెట్టిన గుర్తింపు కార్డులు యుద్ధం ముగిశాక కూడా కొనసాగాయి. 1950 డిసెంబరులో ఉత్తర లండన్‌లో క్లారెన్స్ విల్‌కాక్ అనే ఆయన కారును ఆపి పోలీసు కార్డు అడిగితే, చూపనని నిరాకరించాడు. 1951లో హైకోర్టు ఆయనను దోషిగా తేల్చిన తీర్పును సమర్థించింది గానీ, కారు నడిపే ప్రతివాడినీ అలవాటుగా కార్డు అడగడం చట్టానికి లోబడి బతికేవాళ్లను నేరస్థులను చేయడమేనని ప్రధాన న్యాయమూర్తి లార్డ్ గొడార్డ్ గట్టిగా ఆక్షేపించారు. 1952 ఫిబ్రవరిలో ఆ కార్డులు రద్దయ్యాయి. అయినా అక్కడ అంతా బాగుందని చెప్పలేను. దశాబ్దాలుగా హక్కుతో నివసిస్తున్న కరీబియన్ కుటుంబాలవారిని కాగితాలు చూపలేదని నిర్బంధించిన విండ్‌రష్ వ్యవహారం 2018లో బయటపడింది.

అదే 1952లో, ఆగస్టు 31న, మన దేశంలో నేరస్థ జాతుల చట్టం రద్దయింది. పుట్టిన కులాన్ని బట్టి పోలీసు దగ్గర హాజరు వేయించుకోవాలని, పాసు లేకుండా ఊరు దాటరాదని శాసించిన ఆ చట్టం కింద స్టూవర్టుపురంలో మనవాళ్లు ఎలా బతికారో మన తాతల తరానికి తెలుసు. పాసు లేని మనిషిని చూడగానే అనుమానించే అలవాటు మాత్రం ఆ చట్టంతో పాటు పోలేదని మొన్న రాత్రి నాకు అనిపించింది.

నిన్న సాయంత్రం బావతో కలిసి మధురవాడ వెళ్లాను. కుర్రాడు మాట్లాడడానికి ఇష్టపడలేదు, నేనూ కెమెరా తీయలేదు. అతని ఆధార్ ఊళ్లో వాళ్లమ్మ పెట్టెలో ఉందట. అది వచ్చేదాకా చీకటి పడితే టీ తాగడానికి కూడా గేటు దాటడం లేదని మేస్త్రి చెప్పాడు.