రాజగృహ: పుస్తకాల కోసం కట్టుకున్న ఇల్లు

నమస్కారం. ఇంతవరకు మీకు పుస్తకాల గురించే చెబుతూ వచ్చాను. ఈసారి ఒక ఇంటి గురించి చెబుతాను. ముంబయి దాదర్‌లోని హిందూ కాలనీలో ఉన్న రాజగృహ, డాక్టర్ అంబేడ్కర్ ఇల్లు. 1930ల తొలినాళ్లలో కట్టించి, మగధ పాత రాజధాని పేరు పెట్టుకున్నారు.

ఈ ఇల్లు అర్థం కావాలంటే ముందు చిన్నప్పుడు ఆయన కుటుంబం ఉన్న, ముంబయి పరేల్‌లోని ఒంటిగది గురించి తెలుసుకోవాలి. వంట, పడక, చదువు అన్నీ అందులోనే. అందరూ పడుకున్నాక తప్ప చదువుకోవడానికి చోటు దొరికేది కాదు. అందుకే తండ్రి రాంజీ రాత్రి రెండు గంటలకు కొడుకును లేపేవారు. ఈ ఒక్క విషయం తలచుకుంటే నాకు గొంతు పూడుకుపోతుంది.

అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతున్నప్పుడు పాత పుస్తకాల దుకాణాలన్నీ తిరిగి దాదాపు రెండు వేల పుస్తకాలు కొన్నారు. 1917లో స్వదేశానికి వస్తూ సామాను వేరే ఓడలో పంపితే, జర్మన్ జలాంతర్గామి దాన్ని ముంచేసింది. ప్రపంచ యుద్ధం ఒక పేద విద్యార్థి అరలను కూడా వదల్లేదు!

మళ్లీ మొదటి నుంచి కూడబెట్టారు. యాభై వేలు దాటాయంటారు. ఈ కాలనీలోనే ఆయనకు చార్‌మినార్ అనే మరో భవనం ఉండేది. అప్పులు తీర్చడానికీ పుస్తకాలు కొనడానికీ 1941లో దాన్ని అమ్మేశారు. మన హైదరాబాద్ చార్‌మినార్ పేరున్న ఇల్లు పుస్తకాలుగా మారిపోయిందన్న మాట. రాజగృహను మాత్రం వదులుకోలేదు.

ఇప్పుడు వెళితే కింది అంతస్తులోని గదుల్లో ఆయన వాడిన వస్తువులు, ఫొటోలు చూడవచ్చు. ఆ గ్రంథాలయం మాత్రం ఇక్కడ ఉంటుందని ఆశించకండి. తాను స్థాపించిన సిద్ధార్థ కళాశాలకు ఆయనే పుస్తకాలు ఇచ్చేశారు. పుస్తకం దొరకని పిల్లవాడి బాధ తెలిసిన మనిషి చేసే పని అదే. నా సలహా, దాదర్ చూశాక ఫోర్ట్‌లోని ఆ కళాశాల వైపు కూడా వెళ్లండి. రెండూ చూస్తేనే ఈ ఇల్లు పూర్తిగా చూసినట్టు.

ఒక్క పుస్తకం గురించి చెప్పకుండా ముగించలేను. కుర్రాడిగా ఆయన చర్నీ రోడ్ తోటలో కూర్చుని చదువుకుంటుంటే కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు గమనించారు. 1907లో మెట్రిక్ పాసైనప్పుడు, తాను మరాఠీలో రాసిన బుద్ధుడి జీవితచరిత్రను కానుకగా ఇచ్చారు. నలభై తొమ్మిదేళ్ల తర్వాత, 1956 డిసెంబరు 5 రాత్రి, ఢిల్లీలో అంబేడ్కర్ తన మంచం పక్కన పెట్టమని అడిగింది బుద్ధుడిపై తాను రాసిన గ్రంథానికి సిద్ధం చేసుకున్న పీఠికనే. ఆ నిద్రలోనే కన్నుమూశారు. 7వ తేదీ తెల్లవారకముందే ఆయన భౌతికకాయాన్ని తెచ్చింది ఈ రాజగృహకే.